విశ్వాస డొమైన్ల నడుమ ఏకప్రవేశము: దోషములు – నిదానము

ఉపోద్ఘాతము

ఇంటికి వచ్చిన అతిథిని గుమ్మము కడ ఒకమారు "మీరెవరు?" అని అడుగుట మర్యాద. వసారాలో ఒకమారు, నట్టింట ఒకమారు, పీటమీద కూర్చుండబెట్టిన పిమ్మట మరియొకమారు అదే ప్రశ్న వేసినచో అది మర్యాద కాదు, అనుమానము. నేటి కార్యాలయములలో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగి అనుదినము ఇట్టి అనుమానమునకు గురియగుచున్నాడు. ఉదయము తన యంత్రమున పాస్‌వర్డు నిచ్చి ప్రవేశించినవానిని ప్రతి సర్వరును మరల పాస్‌వర్డు అడుగుచున్నది. ఈ బాధను తొలగించుటకు ఏర్పడినదే ఏకప్రవేశ విధానము. ఇంగ్లీషున దీనిని సింగిల్ సైన్-ఆన్ అందురు.

మా కళాశాలకును, అదే సంఘము నడుపుచున్న సోదర కళాశాలకును వేర్వేరు డొమైన్లు కలవు. విద్యార్థివేతనముల దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రములు, బ్యాంకు ఖాతాల వివరములు సోదర కళాశాల సర్వరులో నుండును. మా కార్యాలయము వారు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ సర్వరును తెరచి పనిచేయుదురు. రెండు డొమైన్ల నడుమ విశ్వాసబంధము నెలకొల్పబడియే యున్నను, ఆ సర్వరు ప్రతిమారును పాస్‌వర్డు అడుగుచుండెను. తుదకు విసిగి, పాస్‌వర్డును చీటిపై వ్రాసి కీబోర్డు క్రింద ఉంచుకొనుట అలవాటయ్యెను. ఒకనాడు ఆ చీటి ఒక విద్యార్థి కంటబడినది. అతడు నిజాయితీపరుడు గనుక దానిని తెచ్చి మా చేతికిచ్చెను. మరొకని చేత చిక్కియుండినచో ఎందరి ఖాతా నంబరులు మారియుండెడివో ఊహింపవచ్చును. మేము మందలింపబోగా పెద్ద గుమాస్తాగారు, "బాబూ, ముప్పది ఏండ్లుగా ఈ కళాశాల నన్ను నమ్మినది. ఈ యంత్రము మాత్రము పూటకు పదిమార్లు నీవెవరవని అడుగుచున్నది. నన్నేమి చేయమందురు?" అనిరి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మేము నేర్చుకొన్న పాఠమే ఈ వ్యాసము.

కెర్బెరోస్ విధానము

ఏకప్రవేశమునకు మూలాధారము కెర్బెరోస్ అను పద్ధతి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1983లో ఎథీనా ప్రాజెక్టును ప్రారంభించినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐ.బి.ఎం. సంస్థలు దానికి తోడ్పడినవి. ఆవరణమంతట వ్యాపించిన వందలాది యంత్రములలో ఏ విద్యార్థి ఏ యంత్రము ముందు కూర్చున్నను, అతని గుర్తింపును నమ్మదగినట్లు తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్న నుండియే కెర్బెరోస్ పుట్టినది. 1978లో నీధమ్, ష్రోడర్ ప్రకటించిన సిద్ధాంతము దీనికి పునాది. 1981లో డెన్నింగ్, సాకో అను వారు ఆ సిద్ధాంతమునకు కాలముద్రను జోడింపవలెనని సూచించిరి. ఐదవ రూపము 1993లో ప్రమాణపత్రముగా వెలువడి, 2005లో సవరింపబడినది. విండోస్ 2000 నుండి మైక్రోసాఫ్ట్ డొమైన్లకు ఇదియే ప్రధాన పద్ధతి. గ్రీకు పురాణములలో పాతాళ ద్వారమును కాచు మూడు తలల కుక్క పేరు దీనికి పెట్టబడినది.

దీని పనితీరును విద్యార్థులకు హాల్ టికెట్టు ద్వారా సులభముగా బోధింపవచ్చును. పరీక్షాకేంద్రమునకు పోవు విద్యార్థి తన సర్టిఫికెట్టులన్నియు మోసికొని పోడు. విశ్వవిద్యాలయము ఒక్కమారు పరిశీలించి, ముద్ర వేసి హాల్ టికెట్టు నిచ్చును. పర్యవేక్షకుడు ఆ ముద్రను నమ్మును. కెర్బెరోస్‌లో విశ్వవిద్యాలయము స్థానమున నుండునది డొమైను కంట్రోలరు. దానిలోని టికెట్టుల విభాగము ఉదయము మన గుర్తింపును పరిశీలించి ఒక మూలటికెట్టు నిచ్చును. విండోస్ డొమైన్లలో సాధారణముగా దీని ఆయువు 10 గంటలు. పిమ్మట ఏదేని సర్వరు కావలసినప్పుడు, మన యంత్రమే ఆ మూలటికెట్టును కంట్రోలరునకు చూపి, ఆ సర్వరునకు మాత్రమే చెల్లు సేవాటికెట్టును పొందును. ఈ వ్యవహారమంతటిలో పాస్‌వర్డు తీగల వెంట ఎక్కడను ప్రయాణింపదు. ఉద్యోగికి ఇది జరుగుచున్నట్లే తెలియదు. ఏకప్రవేశము యొక్క రహస్యమంతయు ఇదియే.

విశ్వాసబంధము

ఒక డొమైను ఇచ్చిన టికెట్టు మరియొక డొమైనులో ఎట్లు చెల్లును? ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన విద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరునప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్టు తెచ్చుకొనును. రెండు విశ్వవిద్యాలయములు ఒకదానినొకటి గుర్తించినవి గనుకనే ఆ పత్రమునకు విలువ. డొమైన్ల నడుమను ఇట్టిదే జరుగును. విశ్వాసబంధము ఏర్పరచునప్పుడు రెండు డొమైన్లును ఒక రహస్యపు తాళపుచెవిని పంచుకొనును. మన కంట్రోలరు తనకు తెలియని సర్వరు పేరు వినినప్పుడు, ఆ ఉమ్మడి తాళపుచెవితో భద్రపరచిన పరిచయ టికెట్టును ఇచ్చి, "పొరుగు కంట్రోలరు నడుగుము" అని పంపును. దానిని పొరుగు కంట్రోలరు విప్పి చూచి, తన సర్వరునకు చెల్లు సేవాటికెట్టు నిచ్చును.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడు విషయమొకటి కలదు. విశ్వాసము పోవు దిక్కునకును, ప్రవేశము పోవు దిక్కునకును వైరుధ్యము. కిరాణా దుకాణదారుడు మనలను నమ్మి అరువిచ్చును. నమ్మకము అతని వద్దనుండి మన వైపు వచ్చినది, కాని అతని కొట్టులోని సరుకు చేరునది మనకు. అట్లే సోదర కళాశాల డొమైను మా డొమైనును నమ్మినప్పుడు, మా ఉద్యోగులు వారి సర్వరులోనికి పోగలరు. వారి ఉద్యోగులు మా సర్వరులోనికి రావలెనన్నచో మేమును వారిని నమ్మవలెను. ఉర్దూలో 'ఎతెబార్' అను మాటలో నమ్మకము, పరపతి యను రెండు అర్థములు ఇమిడియున్నట్లే, ఈ బంధమునందును రెండు పక్షములను వేర్వేరుగా చూడవలెను.

మరియు బంధములన్నియు ఒకే తీరున నుండవు. రెండు డొమైన్ల నడుమ మాత్రమే చెల్లు బాహ్యబంధము వారి వారి నడుమనే ఆగిపోవును. స్నేహితుని స్నేహితునకు అది వర్తింపదు. విండోస్ సర్వర్ 2003తో వచ్చిన ఫారెస్టు బంధము ఇరువైపులనున్న డొమైన్లన్నింటికిని వ్యాపించును. తమ డొమైను ఏ బంధములో నున్నదో తెలియక దోషమును వెదకుట, రోగి వయస్సు తెలియక మందు వ్రాయుట వంటిది.

నిదాన క్రమము

వైద్యుడు మొదట లక్షణములను అడుగును. మేమును అట్లే ప్రారంభించితిమి. మా సొంత డొమైనులోని సర్వరులు అడుగకయే తెరచుకొనుచున్నవి. సోదర కళాశాల సర్వరు పాస్‌వర్డు అడుగుచున్నది, కాని ఇచ్చినచో లోనికి రానిచ్చుచున్నది. ఈ చివరి లక్షణము మిక్కిలి ముఖ్యమైనది. పాస్‌వర్డు చెల్లుచున్నది గనుక ఖాతా సరిగానున్నది, విశ్వాసబంధము బ్రతికియున్నది, ఆ సర్వరులో ప్రవేశాధికారమును గలదు. చెడినది టికెట్టు మార్గమో, లేక టికెట్టు తరువాతి మెట్టో అయియుండవలెను.

పాస్‌వర్డు ఇచ్చినను రానీయనిచో రోగము వేరు. అప్పుడు బంధము 'ఎంపిక ప్రవేశ' పద్ధతిలో నున్నదేమో చూడవలెను. ఆ పద్ధతిలో పొరుగువారికి ప్రతి సర్వరు మీదను విడివిడిగా అనుమతి ఈయవలెను. ఆ సర్వరులోని రిమోట్ డెస్క్‌టాప్ వాడుకరుల పట్టీలో మనవారి పేరు కలదో లేదో కూడ చూడవలెను.

పాస్‌వర్డు చెల్లుచు టికెట్టు చెల్లకపోవుటకు కారణమేమి? కెర్బెరోస్ విఫలమైనప్పుడు విండోస్ తరచుగా ఎన్.టి.ఎల్.ఎం. అను పాత పద్ధతికి దిగును. ఆ పద్ధతిలో పొరుగు సర్వరే తన కంట్రోలరు ద్వారా మన కంట్రోలరును విచారించును. కెర్బెరోస్‌లోనో, ఉద్యోగి ముందున్న యంత్రమే స్వయముగా పొరుగు కంట్రోలరు వద్దకు పోయి టికెట్టు తెచ్చుకొనవలెను. కావున ఆ యంత్రమునుండి పొరుగు కంట్రోలరు వరకు దారి యుండవలెను. పలుచోట్ల ఫైర్‌వాలు నిర్వాహకులు రెండు కంట్రోలర్ల నడుమ మాత్రమే దారి తెరచి, ఉద్యోగుల యంత్రములకు 88వ పోర్టును మూసియుంతురు. అట్టిచోట బంధము పరీక్షలలో నెగ్గుచునే యుండును, ఏకప్రవేశము మాత్రము జరుగదు.

మొదటి పరీక్ష గడియారములది. కెర్బెరోస్ టికెట్టులకు కాలముద్ర ప్రాణము. పాత టికెట్టును దొంగిలించి మరల చూపువానిని పట్టుటకు ఇది అవసరము. సాధారణముగా యంత్రముల నడుమ 5 నిమిషములకు మించిన కాలభేదమును ఈ పద్ధతి సహింపదు, 37వ దోషసంఖ్యను చూపును. రెండు డొమైన్లును వేర్వేరు చోట్లనుండి కాలమును తీసికొనుచున్నచో ఈ భేదము మెల్లగా పెరిగి, ఒకనాడు హఠాత్తుగా బయటపడును. మాకడ రెండు వైపుల భేదము కొద్ది సెకన్లే యుండెను. ఈ అనుమానము తీరినది.

రెండవ పరీక్ష పేరుది. గుమాస్తాగారు సర్వరును ఎట్లు పిలుచుచున్నారని అడిగితిమి. ఆయన బల్లపై అంటించిన కాగితమును చూపిరి. దానిపై సర్వరు పేరు లేదు, దాని నెట్‌వర్కు చిరునామా అంకెలున్నవి. నెలకొల్పిన నాడు ఎవరో వ్రాసియిచ్చినది. దోషములో మొదటి భాగము ఇక్కడనే దొరికినది. సేవాటికెట్టు పేరు మీద వ్రాయబడునే కాని అంకెల మీద కాదు. రిమోట్ డెస్క్‌టాప్ సేవ 'టెర్మ్‌సర్వ్' అను మాటయు, గీతయు, సర్వరు పేరును కలిసిన నామముతో కంట్రోలరులో నమోదై యుండును. అంకెలతో పిలిచినప్పుడు సాధారణముగా ఆ నామము దొరకదు, యంత్రము వెంటనే పాత పద్ధతికి దిగును. సర్వరునకు ముద్దుపేరు పెట్టి పిలిచినను ఆ ముద్దుపేరు నమోదు కానిచో ఇదియే గతి, అప్పుడు వచ్చు దోషసంఖ్య 7. టికెట్టును విప్పవలసిన తాళపుచెవి వేరొక ఖాతాదైనచో 41వ దోషసంఖ్య వచ్చును. ఒకే నామము రెండు ఖాతాల క్రింద నమోదగుట గందరగోళమునకు మరియొక మూలము. 'సెట్-ఎస్.పి.ఎన్.' అను ఆజ్ఞతో ఈ నమోదులను వెదకి చూడవచ్చును.

మేము అంకెలను విడిచి సర్వరు పూర్తి పేరును వ్రాసితిమి. ఈమారు యంత్రము ఆ పేరు గలవారు లేరనెను. మూడవ పరీక్ష డి.ఎన్.ఎస్. అనబడు పేర్ల పట్టికది. పొరుగు డొమైను పేర్లను ఎక్కడ అడుగవలెనో మా పట్టిక సర్వరులలో ఒకదానికి తెలుపబడియున్నది, రెండవదానికి తెలుపబడలేదు. మా కార్యాలయపు యంత్రములు ఆ రెండవదానినే అడుగుచుండెను. నాడు అంకెలు వ్రాసియిచ్చినవారు పేరు పనిచేయకపోవుటచేతనే అట్లు చేసియుందురని మాకప్పుడు బోధపడినది. ఒక దోషమును సరిదిద్దక దానిని తప్పించుకొని పోవు దారి వేసినచో, ఆ దారియే రెండవ దోషమగును. పొరుగు కంట్రోలర్ల జాడయు ఈ పట్టికలోనే దొరకవలెను గనుక, ఇది చెడినచో టికెట్టు ప్రయాణము మొదటి అడుగుననే ఆగిపోవును.

పట్టికను సరిచేసి మరల ప్రయత్నించితిమి. సర్వరు దొరకినది, కాని పాస్‌వర్డు మరల అడిగినది! విద్యార్థులలో కొందరు నిరుత్సాహపడిరి. మేము 'కె-లిస్ట్' అను ఆజ్ఞతో యంత్రములోని టికెట్టులను చూచితిమి. పరిచయ టికెట్టు వచ్చినది, సోదర డొమైను ఇచ్చిన సేవాటికెట్టును వచ్చినది. అనగా కెర్బెరోస్ తన పని ముగించినది. దోషము దాని తరువాతి మెట్టులో నున్నది.

ముక్త్యారునామా

ఆ తరువాతి మెట్టునకు క్రెడ్‌ఎస్‌ఎస్‌పి అని పేరు. రిమోట్ డెస్క్‌టాప్‌లో మనము దూరపు సర్వరులో కూర్చున్నట్లే పనిచేయుదుము. అక్కడి నుండి మరియొక సర్వరులోని ఫైలును తెరచుటకు, ఆ దూరపు సర్వరు మన తరఫున వ్యవహరింపవలెను. రెవెన్యూ కచ్చేరీలలో ముక్త్యారునామా పుచ్చుకొన్నవాడు యజమాని తరఫున సంతకము చేసినట్లుండును ఇది. అందుకై మన యంత్రము మన పాస్‌వర్డునే భద్రముగా మూసి ఆ సర్వరునకు అప్పగించును. ఎవరికి ముక్త్యారునామా ఈయవచ్చునో ముందుగా పట్టీ వ్రాసియుంచనిదే యంత్రము పాస్‌వర్డును తానుగా అప్పగింపదు, మనలను అడుగును. గ్రూప్ పాలసీలో 'క్రెడెన్షియల్స్ డెలిగేషన్' అను భాగమున ఈ పట్టీ యుండును. మా పట్టీలో మా డొమైను సర్వరులు మాత్రమే యున్నవి. సోదర కళాశాల సర్వరు పేరును టెర్మ్‌సర్వ్ మాటతో కూర్చి చేర్చితిమి. పాలసీని యంత్రమునకు అందించి మరల తెరువగా, సర్వరు మారుమాట లేక తెరచుకొన్నది. గుమాస్తాగారు రెండు నిమిషములు తెరవైపే చూచుచు కూర్చుండిరి.

పట్టీ సరిగానున్నను ఏకప్రవేశము జరుగనిచోట క్రెడెన్షియల్ గార్డు అను రక్షణ యున్నదేమో చూడవలెను. ఇది పనిచేయుచున్న యంత్రములో, ఉదయమిచ్చిన పాస్‌వర్డును క్రెడ్‌ఎస్‌ఎస్‌పి వాడుకొనజాలదు. తగిన సామర్థ్యము గల యంత్రములలో, విండోస్ 11 యొక్క 22హెచ్2 రూపము నుండి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ తరగతులకు ఇది దానంతటదియే ఆరంభమగును. కావున యంత్రమును క్రొత్త రూపమునకు మార్చిన మరునాడే ఏకప్రవేశము ఆగిపోయినదని కొందరు వాపోవుదురు. అది దోషము కాదు, రక్షణ.

సుళువైన దారి – సరియైన దారి

ఈ పనిలో మా ముందు ఒక ప్రలోభము నిలిచినది. పట్టీలో ఒక్కొక్క సర్వరు పేరు వ్రాయుటకు బదులు ఒక నక్షత్రపు గుర్తు పెట్టినచో సర్వరులన్నియు చెల్లును. దాని ప్రక్కనే, కెర్బెరోస్ లేకున్నను పాత పద్ధతితోనే పాస్‌వర్డును అప్పగింపవచ్చునను మరియొక పాలసీయు కలదు. ఈ రెండును పెట్టినచో మేము పడిన శ్రమలో సగము తప్పియుండెడిది, అంకెల కాగితము కూడ అట్లే బల్లపై నుండెడిది. మాలో కొందరు అట్లే చేయుదమనిరి.

మేము అంగీకరింపలేదు. ముక్త్యారునామాలో పేరు ఖాళీగా నుంచి సంతకము చేసి బజారులో ఉంచువారుందురా? పాస్‌వర్డును అందుకొన్న సర్వరు దుష్టుల వశమైనచో ఆ పాస్‌వర్డును వారి వశమగును. కెర్బెరోస్ సేవాటికెట్టు, ఎదుటనున్న సర్వరు నిజముగా ఆ పేరు గలదియేనని కూడ మనకు రుజువు చేయును. పాత పద్ధతి అట్టి రుజువు నీయజాలదు. అడిగినవాడెవడో తెలియక తాళపుచెవుల గుత్తిని అప్పగించుట ఏకప్రవేశము కాదు.

ఇంతకంటె మేలైన మార్గమొకటి కలదు. 2016లో వచ్చిన విండోస్ 10 యొక్క 1607 రూపము, విండోస్ సర్వర్ 2016 మొదలుకొని రిమోట్ క్రెడెన్షియల్ గార్డు అను సదుపాయము లభించుచున్నది. ఇందులో పాస్‌వర్డు మన యంత్రమును విడువదు. దూరపు సర్వరునకు మరియొక టికెట్టు కావలసినప్పుడు ఆ కోరిక మన యంత్రమునకే తిరిగి వచ్చును. ఇది కెర్బెరోస్ మీదనే పనిచేయును గనుక, పైన చెప్పిన కాలము, పేరు, దారి అను మూడును సరిగానున్నచోటనే సాధ్యము.

ముగింపు

విద్యార్థులు ఈ క్రమమును గుర్తుంచుకొందురు గాక. మొదట లక్షణమును స్పష్టముగా వ్రాసికొనవలెను: సొంత డొమైనులో ఎట్లున్నది, పొరుగున ఎట్లున్నది, పాస్‌వర్డు ఇచ్చినచో చెల్లుచున్నదా లేదా. పిదప గడియారము, పేరు, పేర్ల పట్టిక, 88వ పోర్టు వరుసగా చూడవలెను. ఆ మీదట టికెట్టులను పరిశీలింపవలెను. పరిచయ టికెట్టు రానిచో దోషము బంధములోనో మన కంట్రోలరు కడనో యుండును. అది వచ్చి సేవాటికెట్టు రానిచో దోషము పొరుగు కంట్రోలరునకు పోవు దారిలోనో సర్వరు నామములోనో యుండును. రెండును వచ్చినను పాస్‌వర్డు అడిగినచో ముక్త్యారునామా పట్టీని చూడవలెను. ఒకేమారు నాలుగు మార్పులు చేయరాదు. చేసినచో ఏ మందుతో రోగము కుదిరినదో తెలియదు. ప్రతి పరీక్షకు ముందు 'కె-లిస్ట్ పర్జ్' ఆజ్ఞతో పాత టికెట్టులను తొలగించుట మరువరాదు. లేనిచో పాత టికెట్టు మనలను మోసపుచ్చును.

కళాశాల సంఘము వారికి మా విన్నపము మూడు మాటలు. కార్యాలయపు బల్లలపై అంటించిన అంకెల కాగితములను తీయించి, సర్వరుల పూర్తి పేర్ల పట్టీని ఇప్పింపవలెను. పలువురు ఒకే పాస్‌వర్డును వాడు పద్ధతిని మాన్పింపవలెను. రెండు కళాశాలల నిర్వాహకులు ఏడాదికి ఒకమారైనను కలిసి కూర్చుండి, ఎవరు ఎవరిని నమ్ముచున్నారో, ఎంతవరకు నమ్ముచున్నారో, ఆ నమ్మకము నేటికిని అవసరమో కాదో పరిశీలింపవలెను.

పెద్ద గుమాస్తాగారి కీబోర్డు క్రింద ఇప్పుడు చీటి లేదు. ఆ చీటిని తెచ్చియిచ్చిన విద్యార్థియే ఈ దోష నిదానమున మాతో కూర్చుండి, టికెట్టులను చదివి, సేవాటికెట్టు వచ్చినదని మొదట గుర్తించినవాడు. అతని వంటి పేద విద్యార్థుల దరఖాస్తులే ఆ సర్వరులో నున్నవి.